రాత్రిపూట వచ్చే ఫైలు

నేను ఉద్యోగంలో చేరింది 1982లో, అనంతపురం జిల్లాలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా. మొదటి నెలంతా నాకు అప్పజెప్పిన పని, పైనుంచి వచ్చిన జీవోలను నంబరు వరసలో దారం గుచ్చి ఫైలు చేయడం. ప్రతి జీవో చివర, సెక్రటరీ పేరుకు పైన, బ్రాకెట్లలో ఒకే లైను కనిపించేది: బై ఆర్డర్ అండ్ ఇన్ ద నేమ్ ఆఫ్ ద గవర్నర్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. ఎవరికో మెడికల్ బిల్లు మంజూరు చేసినా అదే లైను, ఒక జిల్లాను చీల్చి కొత్త జిల్లా చేసినా అదే లైను. ఒకరోజు ఆగలేక మా సూపరింటెండెంటును అడిగాను, "సార్, ఇవన్నీ గవర్నరు చూస్తాడా?" అని. ఆయన వక్కపొడి నోట్లో వేసుకుంటూ, "ఆయనెందుకు చూస్తాడప్పా, ఆయన పేరుంటే చాలు" అన్నాడు.

ఢిల్లీలోనూ ఇదే లెక్క. అక్కడ గవర్నరు బదులు రాష్ట్రపతి. రాజ్యాంగం 53వ అధికరణం కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతిదే అంటుంది. 74వ అధికరణం సలహా ఇవ్వడానికి ప్రధానమంత్రితో ఒక మంత్రివర్గం ఉంటుందంటుంది. ఈ రెంటి మధ్యా ఉన్న సందు ఎంత వెడల్పు అన్నదే డెబ్భై అయిదేళ్లుగా నడుస్తున్న పంచాయితీ.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా తమ్ముడి కూతురు గ్రూప్-2కి చదువుతోంది. పోయిన నెల పాలిటీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "పెద్దనాన్నా, 'నామమాత్రపు అధినేత' అని ఒక పేజీలో ఉంది, రాష్ట్రపతి అధికారాలని ఆ తర్వాత పద్దెనిమిది పేజీలున్నాయి. ఏది నమ్మాలి?" అంది. రెండూ నమ్ము, పరీక్షలో ఏది అడిగితే అది రాయి అన్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ముప్పై ఆరేళ్లు సంతకాల కోసం ఫైళ్లు పెట్టినవాణ్ని. సంతకం పెట్టే మనిషి చేతిలో ఎంత ఉంటుందో, ఏం ఉండదో పుస్తకం రాసినవాళ్లకన్నా నాకు కొంచెం ఎక్కువే తెలుసు.

మా జిల్లాకి ఈ విషయంలో కాస్త గర్వం కూడా ఉంది. నేను చదివిన అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం పాఠాలు చెప్పారు. ఇల్లూరు నుంచి వచ్చిన నీలం సంజీవరెడ్డి అదే కాలేజీలో చదువుతూ, గాంధీ గాలికి చదువు మానేసి ఉద్యమంలోకి పోయారు. పాఠం చెప్పినాయన రాష్ట్రపతి అయ్యారు, చదువు మానేసినాయనా అయ్యారు. శ్రద్ధగా చదివి డిగ్రీ పాసైన మేము గుమాస్తాలమయ్యాం.

1969 ఆగస్టు 20 సాయంత్రం నాకు బాగా గుర్తు. నాకు పదకొండేళ్లు. మా నాయన ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఊళ్లో పంచాయతీ ఆఫీసు రేడియో ముందు పాతికమంది కూర్చున్నారు. ఆ మే 3న జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే పోయారు. కాంగ్రెస్ పార్టీ అధికారిక అభ్యర్థి మా సంజీవరెడ్డి. ఎదురుగా స్వతంత్రంగా నిలబడింది వి.వి.గిరి, ఆయనా బరంపురంలో పుట్టిన తెలుగాయనే. మూడో మనిషి సి.డి.దేశ్‌ముఖ్. తమ పార్టీ అభ్యర్థినే కాదని ఇందిరాగాంధీ 'అంతరాత్మ ప్రబోధం మేరకు' ఓటు వేయమన్నారు. మొదటి లెక్కింపులో ఎవరికీ కావలసినన్ని రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. మా నాయన చేతిలో ఉన్న కండువా దులిపి భుజాన వేసుకుని, "అంతరాత్మ అంట!" అని లేచిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరైనా మాట తప్పితే వాడికి అంతరాత్మ అని పేరు పెట్టేవాడు.

రాష్ట్రపతి రబ్బరు స్టాంపు అని ఎవరైనా తేలిగ్గా అన్నప్పుడల్లా నాకు ఆ రోజే గుర్తొస్తుంది. ఉత్త రబ్బరు స్టాంపే అయితే దానికోసం అంత పెద్ద పార్టీ నిలువునా చీలుతుందా? పాత పెద్దలు తమ మనిషిని రాష్ట్రపతి భవన్‌లో కూర్చోబెడితే, రేపు తనకు మెజారిటీ తగ్గినప్పుడు ఆయన ఎవర్ని పిలుస్తాడోనని ఇందిరాగాంధీ భయం. ఇటు గిరి ఏం చేశారో చూడండి. తాత్కాలిక రాష్ట్రపతిగా జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు, మర్నాడు 20న పోటీ చేయడానికి రాజీనామా చేశారు. సంతకం పెట్టి లేవడమన్నమాట. మా ఆఫీసుల్లో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు జేబులో పెట్టుకుని ఆఖరి ఫైళ్లు క్లియర్ చేసే ఆఫీసర్లను చాలామందిని చూశాను కనుక నాకు ఇది వింతగా అనిపించదు.

రబ్బరు స్టాంపు మాటా చెప్పాలి. అది చులకన మాట అనుకునేవాళ్లు ఎప్పుడూ ఆఫీసులో పనిచేసి ఉండరు. మా ఆఫీసు సీలు బీరువాలో, లోపలి అరలో, వేరే తాళంలో ఉండేది. తాళంచెవి సూపరింటెండెంటు మొలతాడుకి. చార్జి అప్పగించేటప్పుడు క్యాష్ బుక్కుతోపాటు సీలు కూడా లెక్కపెట్టి, కాగితం మీద వేసి చూపించి, సంతకం తీసుకుని ఇచ్చేవాళ్లం. స్టాంపు తనంతట తాను పడదు. కానీ అది బీరువాలోంచి బయటికి రాకపోతే ఏ కాగితమూ గేటు దాటదు.

మొట్టమొదటి రాష్ట్రపతికే ఈ సందేహం వచ్చింది. 1951 సెప్టెంబరులో రాజేంద్రప్రసాద్, హిందువుల పెళ్లి, ఆస్తి చట్టాలను మార్చే హిందూ కోడ్ బిల్లు మీద తన సొంత నిర్ణయం ప్రకారం నడుచుకోవాలనుకుంటున్నానని నెహ్రూకి ఉత్తరం రాశారు. నెహ్రూ ఇద్దరు న్యాయకోవిదుల్ని అడిగారు. ఒకరు అటార్నీ జనరల్ ఎం.సి.సెతల్వాడ్, మరొకరు రాజ్యాంగ ముసాయిదా కమిటీలో ఉన్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మన నెల్లూరు జిల్లా పూడూరు మనిషి. రాష్ట్రపతి మంత్రివర్గం సలహాకి కట్టుబడవలసిందే, ఇంగ్లండు రాజు లాగే, అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ప్రసాద్ గారు తగ్గారు గానీ మనసులోంచి తీసేయలేదు. 1960 నవంబరు 28న ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ శంకుస్థాపనకు పిలిస్తే, రాష్ట్రపతి అధికారాలు బ్రిటిష్ రాజువి లాంటివేనా, కాదా అని మీరు పరిశోధించండని లాయర్లకు చెప్పి వచ్చారు. నెహ్రూకి అది నచ్చలేదు. ఒక ఆఫీసరు తన పవర్స్ ఏమిటో క్లారిఫికేషన్ అడిగాడంటే ఇదివరకే ఎక్కడో అవమానం జరిగి ఉంటుంది. నా అనుభవం అది.

ఇక రాత్రి ఫైలు.

1975 జూన్ 25 రాత్రి, పన్నెండు కొట్టకముందే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం పెట్టారు. మంత్రివర్గం సమావేశమైంది మర్నాడు పొద్దున ఆరింటికి. అంటే సలహా ఇవ్వవలసినవాళ్లకు విషయం తెలిసేసరికి సంతకం ఆరిపోయి ఉంది. ఇదెలా కుదిరిందంటే, కేంద్ర ప్రభుత్వ కార్యకలాపాల నిబంధనల్లో 12వ రూలు ఒకటుంది. ప్రధానమంత్రి అవసరమనుకుంటే మామూలు పద్ధతిని పక్కనపెట్టొచ్చు, మంత్రివర్గం చేత తర్వాత ఆమోదం వేయించుకోవచ్చు. ఆ రాత్రి రాష్ట్రపతికి వెళ్లిన ఉత్తరంలో ఇందిరాగాంధీ ఆ రూలునే చూపించారు. మా భాషలో చెప్పాలంటే, 'ఇప్పుడు సైన్ చేయండి సార్, రాటిఫికేషన్ తర్వాత చూసుకుందాం'. ఆ డిసెంబరులో అబూ అబ్రహాం వేసిన కార్టూన్ చాలామందికి గుర్తుంటుంది. స్నానాల తొట్టిలో ఉన్న రాష్ట్రపతి సంతకం పెట్టిన కాగితం తలుపు సందులోంచి అందిస్తూ, ఇంకా ఆర్డినెన్సులుంటే కాస్త ఆగమని చెప్పు అంటుంటారు.

ఆ కార్టూన్ చూసి అందరిలాగే నేనూ నవ్వాను. తొంభైల్లో ఒక మార్చి 31 దాకా నవ్వాను.

ఆ రాత్రి పదిన్నరకి మా ఇంటి ముందు ఆఫీసు జీపు ఆగింది. బడ్జెటు ఆ రోజుతో ల్యాప్స్. డ్రైవరు చేతిలో ఫైలు. ఫర్నిచర్ కొనుగోలు, మూడు కొటేషన్లు, నోట్ ఫైలు టైపు చేసే ఉంది, కింద నా సంతకానికి చోటు పెన్సిలుతో టిక్కు పెట్టి ఉంది. వరండా బల్బు కింద చూశాను. మూడు కొటేషన్లు మూడు షాపుల లెటర్‌హెడ్ల మీద ఉన్నాయి. మూడింట్లోనూ 'ఇ' అక్షరం తోక ఒకే చోట విరిగింది. ఒకే టైపుమిషను మీద ముగ్గురూ ధరలు కొట్టించారన్నమాట. "సార్ ట్రెజరీ దగ్గర వెయిట్ చేస్తున్నారు, రేపు మాట్లాడుకుందామన్నారు" అన్నాడు డ్రైవరు. లోపల మా ఆవిడ, ఎవరండీ అంటోంది. నేను సంతకం పెట్టాను. పెట్టడానికి నిమిషం పట్టి ఉంటుంది. రెండేళ్లకు ఆడిట్ పారా వచ్చింది, ఆఫీసరు అప్పటికి వేరే జిల్లాలో ఉన్నాడు, నాకు మెమో వచ్చి ఒక ఇంక్రిమెంటు ఆగింది.

కాబట్టి ఫక్రుద్దీన్ గారి గురించి ఎవరైనా పళ్లు కొరుకుతుంటే నేను గొంతు కలపలేను. ఆయన చేసింది తప్పే. నా సంతకంతో పోయింది నా ఇంక్రిమెంటు, ఆయన సంతకంతో పోయింది వేలమంది స్వేచ్ఛ. కానీ రాత్రి ఫైలు తెచ్చేవాళ్లకి మనకన్నా ఒక సంగతి బాగా తెలుసు, పొద్దున అయితే మనం ఆలోచిస్తామని.

తర్వాత జరిగిన మరమ్మతు చూడండి, గుమాస్తా అనేవాడికి ముచ్చటేస్తుంది. 1976లో 42వ సవరణ వచ్చి, రాష్ట్రపతి సలహా ప్రకారం నడవాల్సిందేనని నిలువునా రాసేసింది. సుప్రీంకోర్టు 1974లో షంషేర్ సింగ్ కేసులో చెప్పిందీ దాదాపు అదే. 1978లో జనతా ప్రభుత్వం 44వ సవరణ తెచ్చింది. ఎమర్జెన్సీ పెట్టాలంటే కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి అందాలి. ఏ సలహానైనా రాష్ట్రపతి ఒక్కసారి పునరాలోచించమని వెనక్కి పంపొచ్చు, రెండోసారి వస్తే మాత్రం ఒప్పుకోవాల్సిందే. అంటే పొద్దుటిదాకా ఆగే హక్కు ఇచ్చారన్నమాట. 12వ రూలును మాత్రం ఎవరూ తీసేయలేదు. 2005 మేలో బీహారు అసెంబ్లీ రద్దు కాగితం అర్ధరాత్రి దాటాక మాస్కోలో ఉన్న అబ్దుల్ కలాంకి ఫాక్సులో వెళ్లింది. ఆయన సంతకం పెట్టారు, సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లదంది. 2019 నవంబరు 23న మహారాష్ట్రలో రాష్ట్రపతి పాలన ఎత్తేసిన సమయం తెల్లవారుజామున 5 గంటల 47 నిమిషాలు. అక్కడ వాడింది ఆ 12వ రూలే.

సంజీవరెడ్డి కథ మిగిలిపోయింది. 1977లో రాష్ట్రంలో 42 సీట్లకు 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఒక్కటి, నంద్యాల, ఆయనది. స్పీకరయ్యారు, నాలుగు నెలల్లో రాష్ట్రపతి అయ్యారు. 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరించారు, ఆయన ఏకగ్రీవం. 1969లో ఎవరివల్ల ఓడారో ఆమె అప్పటికి లోక్‌సభలో కూడా లేరు. మా నాయన ఆ రోజు ఊరంతా బెల్లం పంచాడు.

రెండేళ్లు తిరక్కుండానే ఏ రాష్ట్రపతికీ రాని పరిస్థితి ఆయనకొచ్చింది. 1979 జూలై 15న మొరార్జీ దేశాయి రాజీనామా చేశారు. సలహా ప్రకారమే నడవాలంటారు, సరే. సలహా ఇచ్చే మంత్రివర్గమే రాజీనామా చేసేస్తే? 42, 44 సవరణలు రెండూ ఇక్కడ నోరు మూసుకుంటాయి. మొదట ప్రతిపక్ష నాయకుడు వై.బి.చవాన్‌ని పిలిచారు, ఆయన వల్ల కాలేదు. తర్వాత మొరార్జీనీ, చరణ్‌సింగ్‌నీ ఇద్దర్నీ మీకున్న ఎంపీల జాబితాలు ఇమ్మన్నారు. జాబితాలు సరిచూసి చరణ్‌సింగ్ చేత జూలై 28న ప్రమాణం చేయించారు, ఆగస్టు మూడో వారానికల్లా సభలో బలం చూపించాలని షరతు పెట్టారు. సభ కూడేది ఆగస్టు 20న. ఆ రోజుకి ఇందిరాగాంధీ మద్దతు లాగేశారు. చరణ్‌సింగ్ సభ గడప తొక్కకుండానే రాజీనామా చేసి, లోక్‌సభ రద్దు చేయమని సలహా ఇచ్చారు. సభ విశ్వాసం ఒక్కరోజైనా పొందని ప్రధాని సలహా అది.

అప్పటికి జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్‌రామ్. నాకు ఒక్క అవకాశమివ్వండి అని ఆయన కూచున్నారు. సంజీవరెడ్డి ఆగస్టు 22న సభ రద్దు చేశారు.

దీని మీద మా ఇంట్లో నాకూ నాయనకూ పెద్ద గొడవ. నేను అప్పుడే డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను, నోరు ఎక్కువ. జగ్జీవన్‌రామ్‌ను పిలిచి సభలో తేల్చుకోమని ఉండాల్సింది అన్నాను. దేశానికి మొదటి దళిత ప్రధాని అయ్యేవాడు, అవకాశమివ్వకుండానే తలుపు వేశారు, మా జిల్లా మనిషైనా సరే తప్పు తప్పే అన్నాను. మా నాయన నా వైపు చూడకుండా, "69లో ఆయన్ని పడగొట్టినప్పుడు ఎవడన్నా ఇంకో ఛాన్సు ఇచ్చినాడా?" అన్నాడు. అదేం లాజిక్కు నాయనా అంటే అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఇప్పుడు నాకు మా నాయన వయసు దాటింది. ఆయన లాజిక్కు ఇప్పటికీ ఒప్పుకోను. కానీ రద్దు చేస్తే ఓటర్లు తేలుస్తారు, పిలిస్తే బేరసారాలు మళ్లీ మొదలవుతాయని ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి అనిపించి ఉండొచ్చని మాత్రం ఇప్పుడు అర్థమవుతుంది. జనవరిలో ఓటర్లు ఇందిరాగాంధీనే తెచ్చి కూర్చోబెట్టారు, ఆయన చేతులతోనే ఆమె చేత ప్రమాణం చేయించాల్సి వచ్చింది. పదవి అయిపోయాక మళ్లీ ఇల్లూరు పొలానికి వచ్చేశారు.

1984 సంగతి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. గవర్నరు రామ్‌లాల్ ఆగస్టు 16న ఎన్టీఆర్‌ని దింపేశారు, ఆయన గుండె ఆపరేషన్ చేయించుకొచ్చిన ఒంటితో, చక్రాల కుర్చీలో, ఎమ్మెల్యేలను రైలెక్కించుకుని రాష్ట్రపతి భవన్‌కి వెళ్లారు. జైల్‌సింగ్ ముందు ఆ తలలు లెక్క తేలినా, ఆయన తనంతట తాను ఒక్క ఉత్తర్వూ ఇవ్వలేరు. కానీ ఆ ఫోటో దేశమంతా చూసింది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి.

అదే జైల్‌సింగ్ చేసిన ఇంకో పని నాకు వ్యక్తిగతంగా చాలా ఇష్టం. 1986లో పోస్టాఫీసు సవరణ బిల్లు రెండు సభలూ దాటి ఆయన బల్ల మీదికొచ్చింది. జనం ఉత్తరాలు ఆపి చదవడానికి ప్రభుత్వానికి వీలిచ్చే బిల్లు అది. ఆయన సంతకం పెట్టలేదు. తిరస్కరించలేదు. వెనక్కీ పంపలేదు. అలా ఉంచేశారు, అంతే. 111వ అధికరణంలో ఇన్ని రోజుల్లో సంతకం పెట్టాలని గడువు లేదు. అమెరికా అధ్యక్షుడికైతే పది రోజులే. దీన్నే పాకెట్ వీటో అని మా పిల్ల పుస్తకంలో బోల్డు అక్షరాల్లో వేశారు. ఆ బిల్లు చివరికి చట్టం కాలేదు. ఆఫీసులో దీనికి పేరు 'ఫైలు సార్ టేబుల్ మీదుంది'. మనం సైకిలేసుకుని పదిసార్లు తిరిగే మాట అది, మనకి కోపం తెప్పించే మాట. కానీ ఆ ఒక్కసారి మన ఉత్తరాలను కాపాడింది ఆ మాటే.

వెనక్కి పంపే హక్కును గట్టిగా వాడింది కె.ఆర్.నారాయణన్. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో కళ్యాణ్‌సింగ్ ప్రభుత్వాన్ని తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టమని గుజ్రాల్ కేబినెట్ పంపితే, ఇంకోసారి ఆలోచించండని తిప్పి పంపారు. వాళ్లు మానుకున్నారు. మరుసటేడు బీహారు మీద వాజ్‌పేయి కేబినెట్ పంపిందీ తిప్పి పంపారు. రెండు పార్టీలకూ ఒకే న్యాయం. బీహారు ఫైలు 1999 ఫిబ్రవరిలో మళ్లీ వస్తే, రూలు ప్రకారం సంతకం పెట్టారు. రాజ్యసభలో గట్టెక్కదని నెల తిరక్కుండానే ప్రభుత్వమే ఎత్తేసుకుంది. రాష్ట్రపతి పాలన ఇష్టమొచ్చినట్టు పెట్టకూడదని బొమ్మై కేసులో 1994లో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా ఆయన వెనక కొండలా ఉందనుకోండి. 1998లో ప్రభుత్వం ఏర్పాటు చేస్తామన్న వాజ్‌పేయిని మద్దతు ఉత్తరాలు తెమ్మన్నదీ ఆయనే. కలాం 2006లో, వేరే పదవులున్న ఎంపీలను అనర్హత నుంచి తప్పించే లాభదాయక పదవుల బిల్లు తిప్పి పంపారు, పార్లమెంటు మార్పు లేకుండా మళ్లీ పంపింది, ఆగస్టులో సంతకం పెట్టారు. 1989 నుంచి పాతికేళ్లు ఏ ఎన్నికలోనూ ఒక్క పార్టీకి మెజారిటీ రాలేదు కాబట్టి ఆ కాలపు రాష్ట్రపతుల పేర్లు మనకి గుర్తున్నాయి. పూర్తి మెజారిటీ వచ్చాక ఆ బల్ల మీద ఫైళ్లు ఆగడం మళ్లీ తగ్గింది. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగినా, తెలుగుదేశం 16 ఎంపీలతో సహా ఉత్తరాలు ముందే సిద్ధంగా ఉన్నాయి, రాష్ట్రపతికి ఆలోచించే పనే పడలేదు.

మా ఇంట్లో రాష్ట్రపతి అనే మాట ఎక్కువగా వినబడేది ఇందులో ఏదానివల్లా కాదు. 'ప్రెసిడెన్షియల్ ఆర్డర్' వల్ల. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత రాజ్యాంగంలోకి 371-డి అధికరణం వచ్చింది, దాని కింద 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు. ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టిన ఆయన కాలంలోనే, నాలుగు నెలల తేడాతో. ఆరు జోన్లు, జిల్లా క్యాడరు, జూనియర్ అసిస్టెంటు స్థాయిలో 80 శాతం ఆ జిల్లాలో చదువుకున్నవాళ్లకి, అంటే లోకల్‌కి. నాకు ఉద్యోగం వచ్చింది ఆ 80లోనే, అనంతపురం లోకల్‌గా. మా తమ్ముడి కూతురు తొమ్మిదో తరగతి దాకా బళ్లారిలో అమ్మమ్మ ఇంట్లో చదివింది. టెన్త్ ఒక్కటే ఇక్కడ. బోనఫైడ్ సర్టిఫికెట్లు ముందేసుకుని లెక్కపెట్టుకుంది, పెట్టుకుంది, చివరికి అప్లికేషన్‌లో నాన్-లోకల్ అని కొట్టింది. మా ఇల్లు తాతల కాలం నుంచీ ఇక్కడే. "రాష్ట్రపతికి నా మీద ఏం కోపం పెద్దనాన్నా?" అంది. ఆయనకి నీ సంగతే తెలీదమ్మా, ఆయన పేరుకి తెలుసు, అని మా పాత సూపరింటెండెంటు మాటను కొంచెం మార్చి చెప్పాను. నవ్వలేదు.

పోయిన సంవత్సరం మళ్లీ సుప్రీంకోర్టులో ఇదే పంచాయితీ. తమిళనాడు గవర్నరు బిల్లులు ఏళ్ల తరబడి ఉంచుకున్న కేసులో 2025 ఏప్రిల్ 8న ఇద్దరు జడ్జీలు రాష్ట్రపతికి కూడా మూడు నెలల గడువు పెట్టారు. మే నెలలో ద్రౌపది ముర్ము, కోర్టు సలహా అడిగే 143వ అధికరణం కింద పద్నాలుగు ప్రశ్నలు కోర్టుకి పంపారు. నవంబరు 20న అయిదుగురు జడ్జీల ధర్మాసనం గడువులు పెట్టడం కుదరదు, గడువు దాటితే సంతకం పెట్టినట్టే అనుకోవడమూ కుదరదు అంది. గవర్నరు కారణం చెప్పకుండా మరీ లాగుతుంటే మాత్రం ఏదో ఒకటి తేల్చమని కోర్టు చెప్పొచ్చంది. నాకు ఇక్కడ రెండు మనసులు. ఉత్తరాల బిల్లు గుర్తొస్తే గడువు లేకపోవడమే మేలనిపిస్తుంది. ఎన్నుకున్న అసెంబ్లీ పాస్ చేసిన బిల్లు రాజ్‌భవన్ బీరువాలో మూడేళ్లు మగ్గుతుంటే, మా ఆఫీసు చుట్టూ పెన్షన్ కోసం తిరిగిన ముసలివాళ్ల ముఖాలు గుర్తొస్తాయి. అదే బల్ల, అదే ఆగడం.

సంక్రాంతికి హైదరాబాదు వెళ్లినప్పుడు పిల్లని బొల్లారం రాష్ట్రపతి నిలయానికి తీసుకెళ్లాను. ఇదివరకు శీతకాలం విడిది అయ్యాక కొద్దిరోజులే చూడనిచ్చేవాళ్లు, 2023 నుంచి ఏడాది పొడుగునా తెరిచే ఉంటోంది. తోట, మెట్లబావి అన్నీ చూశాం. నాకు నచ్చింది వంటింటి సొరంగం. వంటశాల ఒక చోట, భోజనాల హాలు ఒక చోట, రెంటికీ భూమిలోంచి దారి. వడ్డించేవాళ్లు అతిథుల కంటబడకుండా వేడివేడిగా పళ్లేలు తెచ్చేవాళ్లట. ఇప్పుడు గోడల నిండా చేర్యాల బొమ్మలు వేశారు. పిల్ల బొమ్మల ముందు సెల్ఫీ తీసుకుంటోంది. నేను మధ్యలో నిలబడి రెండు వైపులా చూస్తున్నాను, ఇక్కణ్ణుంచి వంటిల్లూ కనబడదు, హాలూ కనబడదు. వెనకనుంచి ఎవరో, "పెద్దాయనా, కొంచెం ముందుకు కదలండి, లైను ఆగిపోయింది" అన్నారు.